పడక పరిచినా తలుపు తెరుచుకోవాలి

మార్చి 3, మంగళవారం

ఇవాళ్టి వ్యాన్ కూడా వద్దన్నాను.

చూడటానికి ముచ్చటగానే ఉంది. తెల్లది, పొట్టిది. టిమరూ రేవు దగ్గర ఒక జర్మన్ జంట అమ్మకానికి పెట్టారు. ఏడాదిపాటు దేశమంతా అందులోనే తిరిగారట. ఆ అమ్మాయి నవ్వుతూ తలుపులన్నీ తీసి చూపించింది. నేను మాత్రం వంగి చక్రాల పైనున్న రేకును వేలితో తట్టాను. ముప్పై ఏళ్ళు బడి పిల్లల పళ్ళు చూసినదాన్ని, పుచ్చు ఎక్కడుందో నా వేలికి తెలుస్తుంది.

"తుప్పు," అన్నాను.

"పదమూడేళ్ళ బండి, గ్లెనిస్. తుప్పు లేదంటేనే అనుమానించాలి," అన్నాడు ఆల్విన్.

ఆల్విన్ మా అక్క భర్త. అక్క పోయి ఆరేళ్ళయింది. పాల ట్యాంకర్లు నడిపి రిటైరయ్యాడు కాబట్టి బండ్ల విషయంలో అతని మాటే నాకు ప్రమాణం. ఆ సంగతి అతనికి తెలియనివ్వను.

తుప్పు ఉన్న మాట నిజమే. కానీ వద్దన్నది అందుకు కాదు. లోపల పడక ఒక్కటే ఉంది.

ఇల్లు అమ్మేశాను. మే 29న తాళాలు ఇచ్చెయ్యాలి. ఆ రోజు నుంచి వ్యానే ఇల్లు, ఎక్కడ ఆగితే అదే ఊరు. అరవై నాలుగేళ్ళు వచ్చాయి, ఉన్న దీవి కూడా సరిగ్గా చూడలేదు, చూడాలని ఉంది. ఎవరడిగినా ఇదే చెబుతున్నాను. ఇక్కడా ఇదే రాస్తున్నాను.

మా అబ్బాయి ఫెర్గస్ వెళ్ళి ఇరవై రెండు రోజులైంది.

మార్చి 7, శనివారం

శనివారాలు నావి అని ఒప్పందం. అందుకని ఫెర్గస్‌ని కూడా వైమాటే తీసుకెళ్ళాం. అక్కడొక రైతు పాత అంబులెన్సుని ఇల్లులా మార్చి పెట్టుకున్నాడు.

"సైరన్ ఉందా?" అని రైతుని అడిగాడు ఫెర్గస్.

"తీసేశారు బాబూ."

"మరి ఎందుకు కొనాలి?"



పచ్చకార్డు సంగతి అక్కడికి వెళ్ళే దారిలోనే ఆల్విన్ మళ్ళీ చెప్పాడు. రోడ్డు పక్కన ఆపుకుని పడుకోవాలంటే అద్దం మీద ఆ కార్డుండాలి. అది రావాలంటే మరుగుదొడ్డి బండిలోనే బిగించి ఉండాలి. పడకలు పరిచి ఉన్నప్పుడు కూడా దాని తలుపు తెరుచుకోవాలి, మనిషి వెళ్ళి కూర్చోగలగాలి. ఇన్స్పెక్టరు వచ్చి అన్నీ చూసి, బండి ఎంతమందికి సరిపోతుందో ఆ కార్డు మీద అంకె వేస్తారు.

"నువ్వు పడుకో ఫెర్గస్. నేను వెళ్ళగలనో లేదో చూస్తాను," అన్నాను అంబులెన్సు ఎక్కి.

వాడు బూట్లు విప్పి పడుకుని గుర్రు పెట్టడం మొదలెట్టాడు. మధ్యలో ఒక కన్ను తెరిచి, "నేను నిద్రపోతున్నాను, చప్పుడు చెయ్యకు," అన్నాడు. నవ్వాపుకోలేక నా మోకాలు గూటికి కొట్టుకుంది. వెళ్ళడానికైతే వెళ్ళగలిగాను. కానీ రెండో పడక మరీ సన్నం. వాడు అందులో సగమే పట్టాడు.

"వద్దు. రెండోది ఇరుకు," అన్నాను ఆల్విన్‌తో.

"అసలు రెండోదెందుకు?"

"సామానుకి."

"సామాను నిద్రలో దొర్లదు కదా, అమ్మాయ్."

ఫెర్గస్ పుట్టిన రోజున డాక్టరు డౌన్ సిండ్రోమ్ అని చెప్పి, "వీడు ఎప్పటికీ మీ దగ్గరే ఉండిపోతాడు," అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు శాపంలా వినిపించింది. తర్వాత ఎప్పుడు వరమైపోయిందో నాకే తెలీదు. వాళ్ళ నాన్న పెర్త్‌లో ఉన్నాడు. ఆయన గురించి ఇంతకన్నా రాయడం దండగ. ముప్పై మూడేళ్ళు మేమిద్దరమే ఉన్నాం. ఇప్పుడు వాడు మరో ముగ్గురితో కలిసి క్రెయిగీ వీధిలో ఉంటున్నాడు. చూసుకోవడానికి సెఫో లాంటివాళ్ళు వంతులవారీగా వస్తుంటారు. వెళ్తానన్నది వాడే. సరేనన్నది నేనే.

మార్చి 12, గురువారం

ఫెర్గస్ ఫోను ఎత్తలేదు. నాలుగుసార్లే చేశాను.

ఆరు.

మార్చి 18, బుధవారం

ఇవాళ రాయడానికేమీ లేదు.

మార్చి 19, గురువారం

నిన్న రాయడానికేమీ లేదని రాశాను. ఉంది.

పొద్దున చీజ్ రోల్స్ చేశాను. పన్నెండు చేశాను, ఎప్పటిలాగే, ఒక్కదాన్నే ఉన్నానన్న ధ్యాస లేకుండా. వాటిని ట్రేలో సర్దుకుని క్రెయిగీ వీధికి వెళ్ళాను. ఫెర్గస్ తలుపు తీశాడు. తీసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా, ఇవాళ బుధవారం."

"తెలుసురా. చీజ్ రోల్స్ తెచ్చాను, వేడిగా ఉన్నాయి."

"ముందు ఫోన్ చెయ్యాలి. ఇది నా ఇల్లు. ఇక్కడ అందరికీ అదే రూలు. సెఫో వాళ్ళమ్మకి కూడా అదే."

వాడి వెనక సోఫాలో హైడీ కూర్చుని ఉంది. సీసాలు, డబ్బాలు వేరుచేసే డిపోలో ఇద్దరూ కలిసి పనిచేస్తారు. ఆ పిల్ల నాకు చెయ్యి ఊపింది. ఫెర్గస్ ట్రే అందుకుని, "థాంక్యూ. శనివారం కలుద్దాం," అని తలుపు వేశాడు. మెల్లగానే వేశాడు. గట్టిగా వేసినా బాగుండేది, తిట్టుకోవడానికైనా ఉండేది.

కారులో కూర్చుని ఏడ్చాను. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు.

పాపం వాడికి అక్కడ కష్టంగా ఉండి ఉంటుంది, అందుకే అలా మాట్లాడాడు. హాల్లో దీపం వేసి ఉంచుతున్నారో లేదో. అది లేకపోతే చిన్నప్పటి నుంచి వాడికి నిద్ర పట్టదు. నేను దీవి ఆ చివరెక్కడో ఉన్నప్పుడు వాడు ఇక్కడ ఇమడలేక వచ్చేస్తానంటే? నాకు ఇల్లుండదు, వ్యాన్‌లో చోటుండదు. అప్పుడు నేనేం తల్లిని? రెండు పడకలది చూడాల్సిందే.

మార్చి 28, శనివారం

ఫెర్గస్ రాలేదు. బౌలింగ్ పోటీ ఉందట. ఫోన్ చేసి మరీ రానన్నాడు.

ఆల్విన్, నేను ఆష్‌బర్టన్ వెళ్ళి ఒక పెద్ద వ్యాన్ చూశాం. ఏడు మీటర్ల పొడవు. రెండు మంచి పడకలు, మధ్యలో తలుపున్న మరుగుదొడ్డి, ఓవెన్, ఫ్రిజ్. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. నడిపి చూస్తానన్నాను. మొదటి మలుపులోనే మూడు చెత్తడబ్బాలు పడగొట్టాను. రెండో మలుపులో ఒక ముసలాయన తన కుక్కని ఎత్తుకుని గేటు లోపలికి పరిగెత్తాడు.

ఆల్విన్ బండి పక్కకి ఆపమన్నాడు.

"దీన్ని నువ్వు లూయిస్ కనుమ ఎక్కించలేవు. ఎక్కించినా దించలేవు. అసలు ఎవరి కోసం వెతుకుతున్నావు గ్లెనిస్, ఈ వ్యాను?"

"నాకోసమే."

"నీకోసమైతే ఆ జర్మన్ పిల్లది చాలు. మొన్నటి అంబులెన్సు కూడా చాలు. వాడు రావడం లేదు, అమ్మాయ్. వాడు రానని నీకు చెప్పేశాడు కూడా."

"పిల్లలు లేనివాడివి, నీకేం తెలుసు?" అన్నాను.

అక్కకీ ఆల్విన్‌కీ మూడుసార్లు బిడ్డ నిలబడలేదు. ఆ మూడుసార్లూ ఆస్పత్రిలో అక్క పక్కన కూర్చున్నదాన్ని నేనే. అలాంటిదాన్ని ఆ మాట అన్నాను.

ఆల్విన్ బండి దిగి వెనక్కి నడిచి, చెత్తడబ్బాలు మూడూ లేపి నిలబెట్టి వచ్చాడు.

మార్చి 30, సోమవారం

క్షమించమని అడగడానికి వెళ్ళాను. "ఏ మాటకి?" అన్నాడు ఆల్విన్, అరల్లో ఏదో వెతుకుతూ. నటించడం బొత్తిగా రాదు అతనికి. వెతికేది దొరికాక కూడా వెతుకుతూనే ఉన్నాడు.

ఏప్రిల్ 11, శనివారం

కొన్నాను.

జెరల్డీన్‌లో మూతపడిన ఒక బేకరీ వాళ్ళ వ్యాన్. ఇరవై ఏళ్ళు ఊరూరా మాంసం కూరి కాల్చిన పైలు చేరవేసింది. లోపల అరలు పీకేసి ఖాళీ పెట్టెలా ఉంచారు. ఫెర్గస్ ఎక్కీ ఎక్కగానే గోడకి ముక్కు ఆనించాడు.

"అమ్మా, రా, వాసన చూడు. మటన్!"

నిజమే. రేకులో ఇంకిపోయినట్టుంది. నేను అన్ని మూలలా తట్టి చూశాను, గట్టి పళ్ళలా పలికింది. లోపల నేను నిటారుగా నిలబడగలను. ఆల్విన్ తల వంచుకోవాలి, వంచుకుంటే అతనికి మంచిదే. చిన్న బండి, నా పాత కారులాగే మాట వింటుంది. చెత్తడబ్బాలన్నీ నిలబడే ఉన్నాయి.

"ఇది కొను. ఇది నీకు సరిపోతుంది," అన్నాడు ఫెర్గస్.

"నీకో?"

"నాకు ఇల్లుంది కదా."

చాలా మామూలుగా అన్నాడు. నేనూ మామూలుగానే తలూపాను. తిరిగి వస్తుంటే, నడవ మీద పరిచేలా ఒక వేలాడే పడక కడితే రెండో మనిషికి సరిపోతుంది కదా అనిపించింది. వారాంతాలకి. ఎప్పుడో ఒకసారికి.

ఏప్రిల్ 25, శనివారం

ఆంజాక్ డే, యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే రోజు. తెల్లవారుజామున స్మారకం దగ్గర ఫెర్గస్‌ని దూరం నుంచి చూశాను. కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు. పైది కూడా. పైది ఎప్పుడూ నేనే పెట్టేదాన్ని.

మే 2, శనివారం

ఆల్విన్ గరాజ్‌లో వ్యాన్ ఇల్లుగా మారుతోంది. ఒక వైపు పొడుగ్గా పడక, దాని కింద అరలు. ఎదురుగా పొయ్యి, నీళ్ళతొట్టి. వెనక మూల బీరువాలాంటి మరుగుదొడ్డి. అన్నీ కొలిచి నా ఎత్తుకి సరిగ్గా కుదిర్చాడు. నేను అడిగిన వేలాడే పడక కూడా కట్టాడు. రెండు కర్రల మధ్య మందపాటి గుడ్డ. పరిస్తే నడవ మూసుకుపోతుంది, అక్కర్లేనప్పుడు చుట్టి పెట్టుకోవచ్చు.

"అది పరిస్తే మరుగుదొడ్డి తలుపు తెరుచుకోదు," అన్నాడు.

"ఎప్పుడో ఒకసారి పరిచేదే కదా."

"ఇన్స్పెక్టరు కాగితంలో 'ఎప్పుడో ఒకసారి' అన్న గడి ఉండదు."

"అయితే తలుపు అంచు కాస్త చెక్కెయ్."

చెక్కాడు. నా మాట కాదనలేక చెక్కాడని తెలుస్తూనే ఉంది.

మే 13, బుధవారం

సెఫో వచ్చాడు. చలి మొదలైందని ఫెర్గస్ తన ఉన్ని దుప్పటి తెమ్మన్నాడట. గుమ్మమంతా నిండే మనిషి, మాట మాత్రం మెత్తన. నేను పెట్టిన టీ నిలబడే తాగేశాడు. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"హాల్లో దీపం వేసి ఉంచుతున్నారా?"

"లేదాంటీ. ఫెర్గసే ఆర్పేస్తాడు. కళ్ళలో పడుతోందంటాడు."

"ఎప్పటి నుంచి?"

"వచ్చిన మొదటి వారం నుంచీ అంతే."

"ముప్పై మూడేళ్ళు వేసి ఉంచాను సెఫో. వాడు ఒక్కసారైనా వద్దనలేదు."

సెఫో ఖాళీ కప్పు బల్ల మీద పెట్టాడు. తర్వాత, చెప్పొచ్చో లేదో అన్నట్టు చెప్పాడు.

"మీరేమీ అనుకోకండాంటీ. 'దీపం లేకపోతే మా అమ్మకి భయం, అందుకే ఊరుకునేవాణ్ణి' అని ఫెర్గస్ చెప్పాడు నాతో."

దుప్పటి మడత పెట్టి ఇచ్చాను. రెండుసార్లు మడత పెట్టాను, మొదటిది కుదరలేదు.

మే 16, శనివారం

ఇన్స్పెక్టరు వచ్చింది. పేరు లినెట్. నాకన్నా పొట్టి, మెడలో కొలత టేపు, చేతిలో కాగితాల అట్ట. ఆల్విన్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ఫెర్గస్‌కి ఇవాళ బౌలింగ్ లేదు, అందుకని వాడూ వచ్చాడు.

నీళ్ళడబ్బాలు చూసింది, మనిషికి పన్నెండు లీటర్లు చొప్పున రెండున్నాయి. పొయ్యి చూసింది. మురికినీళ్ళ తొట్టి కింద పాకి మరీ చూసింది. లేచి మోకాళ్ళు దులుపుకుని, "ఎంతమందికి?" అంది.

"ఇద్దరికి," అన్నాను.

"అయితే పడకలు రెండూ పరవండి."

పరిచాను. లినెట్ మరుగుదొడ్డి తలుపు లాగింది. జానెడు తెరుచుకుని కర్రకి తగిలి ఆగిపోయింది. మళ్ళీ లాగింది. మళ్ళీ అక్కడే ఆగింది. ఆల్విన్ గరాజ్ కప్పు వంక చూడటం మొదలెట్టాడు.

"ఒక్కరికైతే ఇప్పుడే సంతకం పెట్టేస్తాను. బ్రహ్మాండంగా ఉంది బండి," అంది లినెట్. "ఇద్దరికి మాత్రం కుదరదు. మార్పించి మళ్ళీ పిలవండి. జూన్ మూడో వారం దాకా నాకు ఖాళీ లేదు మరి."

తాళాలు ఇవ్వాల్సింది 29న. గబగబా లెక్కలేసుకున్నాను. ఆ తర్వాత ఇదే గరాజ్ ముందు వ్యాన్‌లో ఉండొచ్చు. జూన్‌లో మార్పించొచ్చు. అప్పటికి చలి ముదురుతుంది, ఇక సెప్టెంబరులో వసంతం వచ్చాక బయల్దేరవచ్చు. వసంతంలో వాడి పుట్టినరోజు వస్తుంది, అది అయ్యాక. ఎంత హాయిగా ఉందో ఆ లెక్క! ఇదంతా బండి తలుపు వల్లనే అని ఎవరికైనా చెప్పుకోవచ్చు కూడా.

"జూన్‌లోనే రండి," అన్నాను.

"ఒక్కరికే," అన్నాడు ఫెర్గస్.

"నువ్వుండు నాన్నా, మేం మాట్లాడుకుంటున్నాం."

"ఒక్కరికే. అమ్మకి. నాకు సోమవారం నుంచి శుక్రవారం దాకా పని. బుధవారం సాయంత్రం హైడీ వస్తుంది. శనివారం బౌలింగ్. ఖాళీ లేదు."

లినెట్ నా వైపు తిరగలేదు. వాడినే అడిగింది. "మరి మీ అమ్మని చూడాలనిపిస్తేనో?"

"ఫోనుంది." జేబులోంచి తీసి చూపించాడు.

తర్వాత వ్యాన్ ఎక్కాడు. వేలాడే పడక కర్రలు కొక్కేల్లోంచి తీసి, గుడ్డతో సహా చక్కగా చుట్టి ఆల్విన్ చేతిలో పెట్టాడు. నా పడక మీద దుప్పటి సరిచేశాడు. మరుగుదొడ్డి తలుపు బార్లా తెరిచి లోపలికెళ్ళి మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు.

"చూడమ్మా. తెరుచుకుంది."

అందరూ నా కోసం ఆగారు. నేను రెండో పడక వెతికింది వాడి కోసం కాదు. వాడు రాకపోతే నేనెలా పడుకోవాలో తెలియక. ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో కూడా నాకు నేనే అబద్ధం చెప్పుకున్నాను.

"ఒక్కరికే," అన్నాను.

లినెట్ అంకె వేసింది. కార్డు అద్దానికి అంటించే పని ఫెర్గస్‌ది. కాస్త వంకరగా అంటించాడు. దిగుతూ నా చెవి దగ్గరికి వచ్చి, "భయమేస్తే దీపం వేసుకో. అక్కడ ఎవరి కళ్ళలోనూ పడదు," అన్నాడు.

మే 17, ఆదివారం

రెండో నీళ్ళడబ్బా ఆల్విన్‌కి ఇచ్చేశాను. దేనికని అడగలేదు.

మే 29, శుక్రవారం

తాళాలు ఇచ్చేశాను. ఆల్విన్ నాలుగు చక్రాల గాలీ చూశాడు, నిన్న కూడా చూశాడు. "దారిలో ఏదైనా చప్పుడొస్తే ఫోన్ పట్టుకుని వినిపించు, చెబుతాను," అన్నాడు. "చప్పుడు రాకపోతే?" అన్నాను. "అప్పుడూ చెయ్యి," అన్నాడు, వేరే వైపు చూస్తూ.

ఫెర్గస్ సెలవు పెట్టలేదు. శుక్రవారాలు సీసాలు ఎక్కువొస్తాయట. నిన్న సాయంత్రం, ఫోన్ చేసి, వాళ్ళింటికి వెళ్ళి కౌగిలించుకుని వచ్చాను. ఇవాళ డిపో కంచె పక్కనుంచి మెల్లగా పోతూ రెండుసార్లు హారన్ కొట్టాను. పసుపు కోటు, పెద్ద చేతితొడుగులు. తలెత్తి చూసి ఒక చెయ్యి పైకెత్తాడు. రెండో చేతిలో సీసా ఉంది. దాన్ని సరైన డబ్బాలో వేశాకే మళ్ళీ ఊపాడు. పక్కన హైడీ రెండు చేతులూ ఊపుతూ ఎగిరింది.

రంగిటాటా వంతెన దాకా ఏడుస్తూనే నడిపాను. వంతెన దాటాక ఆకలేసింది. మటన్ పై కొనుక్కుని వ్యాన్‌లో కూర్చుని తిన్నాను. ఏ వాసన చేతిలోని మటన్ పైదో, ఏది గోడదో తెలీలేదు.

జూన్ 2, మంగళవారం

నాలుగు రాత్రులైంది. దీపం వేసుకునే పడుకుంటున్నాను.

జూన్ 14, ఆదివారం

మొటుఏకా, దీవి ఉత్తరపు కొస. ఎండ కాస్తోంది. ఇసుక ఒడ్డున వ్యాన్ పక్క తలుపు తీసి మెట్టు మీద టీ తాగుతుంటే ఫోన్ మోగింది.

"అమ్మా, పనిలో ఉన్నావా?"

"లేదురా. చెప్పు."

"జులైలో నేనూ హైడీ నీ దగ్గరికి రావచ్చా? మూడు రోజులు. సెఫో తీసుకొస్తానన్నాడు."

"రావచ్చా అని అడగాలట్రా? ఎప్పుడైనా వచ్చెయ్!"

"అలా కాదమ్మా. ముందు ఫోన్ చెయ్యాలి. అది నీ ఇల్లు."

ఎండలో కార్డు మీది అంకె వెనకనుంచి తిరగబడి కనిపిస్తోంది. తిరగబడినా అది ఒకటే.

"మరి పడక ఒక్కటే ఉంది కదరా, ఎక్కడ పడుకుంటారు?" అన్నాను చివరికి.

"మోటెల్ గదిలో. నీది ఒక్కరికే కదా. నీకు తెలీదా?"

తెలుసన్నాను.

"దీపం?"

"మొన్నటి నుంచి ఆర్పేస్తున్నాను."

"గుడ్," అన్నాడు పెద్దమనిషిలా. "అయితే జులై పదకొండు. నీకు ఖాళీయేనా?"

క్యాలెండరు చూసి చెబుతాను, ఉండమన్నాను. నా దగ్గర క్యాలెండరు లేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని నీళ్ళవైపు చూస్తూ నిమిషం ఆగాను. ఆగి, ఖాళీయే, రండి అన్నాను.